బావి నీటికి హెచ్‌టూఎస్ సీసా పరీక్ష: ఎంతవరకు నమ్మొచ్చు, ఎక్కడ తప్పుతుంది

దగ్గు మందు సీసా కన్నా చిన్న సీసా. అడుగున చిటికెడు లేత రంగు పొడి గానీ, మందులో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్క గానీ ఉంటుంది. పక్కన ఒక గీత ఉంటుంది. ఆ గీత దాకా బావి నీళ్లు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే చాలు. నీళ్లు నల్లబడితే ఆ బావిలోకి మలం తాలూకు మురుగు చేరుతోందని అనుమానించాలి. నల్లబడకపోతే ఏమనుకోవాలన్నది కొంచెం చిక్కు ప్రశ్న. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందే మా మాట చెప్పేస్తాం. సొంత బావి గానీ బోరు గానీ ఉండి, ఆ నీళ్లే తాగే ప్రతి ఇంట్లోనూ ఈ సీసాలు ఉండాలి. ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షల్లో ఇంత తక్కువ ఖర్చులో ఇంత పనికొచ్చేది ఇంకొకటి కనిపించలేదు. కానీ పెట్టె మీద రాసి ఉన్నంత సులభం మాత్రం కాదు. తప్పుగా చేస్తే మంచి బావిని చెడ్డదనీ, చెడ్డ బావిని మంచిదనీ చెబుతుంది. రెండోది ప్రాణాల మీదకు తెస్తుంది.

సీసా నిజానికి దేన్ని పట్టుకుంటుంది

ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టింది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో మంజ, మౌర్య, రావు అనే ముగ్గురు దీన్ని తయారుచేసి 1982లో ప్రకటించారు. కరెంటూ ప్రయోగశాలా లేని చోట తాగునీటిని పరీక్షించడం కోసం రూపొందిన పద్ధతి ఇది. మందులో పెప్టోన్, సోడియం థయోసల్ఫేట్, ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫాస్ఫేట్, కొద్దిగా సబ్బు లాంటి పదార్థం ఉంటాయి. పేగుల్లో బతికే బ్యాక్టీరియాలో కొన్ని పెప్టోన్ తిని పెరుగుతూ, థయోసల్ఫేట్‌లోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) వాయువుగా మారుస్తాయి. ఆ వాయువు మందులోని ఇనుముతో కలిసిందంటే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. మనకు కనిపించే నలుపు అదే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నీటి పరీక్ష అనగానే అందరి నోటా వినిపించే ఇ.కొలి బ్యాక్టీరియా సాధారణంగా ఈ వాయువును పుట్టించదు. సీసాను నల్లబరిచేవి దానితో కలిసి మలంలో ఉండే సిట్రోబాక్టర్, సాల్మొనెల్లా, ప్రోటియస్, క్లాస్ట్రీడియం లాంటివి. అంటే ఈ సీసా ఇ.కొలిని చూపదు, దాని సహవాసులను చూపుతుంది. కాబట్టి "ఇ.కొలి టెస్ట్" అని పెద్ద అక్షరాల్లో రాసి హెచ్‌టూఎస్ సీసా అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. తాము అమ్ముతున్నదేమిటో వాళ్లకే తెలియదని అర్థం.

కొనేటప్పుడు చూడాల్సినవి

నీటి పరీక్ష సామాన్లు అమ్మే దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవి విడిగానూ పెట్టెలుగానూ దొరుకుతాయి. పల్లెల్లో అయితే ముందు పంచాయతీ ఆఫీసులో అడగండి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడకం నేర్పించాలని నియమం. ఆ కిట్‌తో పాటు బ్యాక్టీరియా సీసాలూ వస్తాయి.

మొదట గడువు తేదీ చూడాలి. తర్వాత సీసాను వెలుతురుకు ఎత్తి పొడి చూడాలి. పొడి లేత రంగులో, కదిపితే జారేలా ఉండాలి. గడ్డకట్టినా, చెమ్మ పట్టినా, అప్పటికే ముదురు రంగుకు తిరిగినా తిప్పి ఇచ్చేయండి. మూత సీలు తెగి ఉన్నా అంతే. గీత స్పష్టంగా ఉందో లేదో కూడా చూడండి. కొన్ని సీసాల మీద అది తడి చేత్తో రుద్దితే చాలు, చెరిగిపోతుంది. సూచనల కాగితం తెలుగులో ఉన్నవి అరుదు. ఎన్ని డిగ్రీల వేడిలో ఉంచాలో అసలు రాయని కాగితాలూ ఉన్నాయి. అది చిన్న లోపం కాదు, ఎందుకో కింద చెబుతాం.

20 మిల్లీలీటర్ల సీసాలు, 100 మిల్లీలీటర్ల సీసాలు రెండూ ఉన్నాయి. 100 ది దొరికితే అదే తీసుకోండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఇ.కొలి గానీ, దాని జాతికి దగ్గరి బ్యాక్టీరియా అయిన ఇతర కొలిఫారమ్‌లు గానీ ఒక్కటి కూడా కనబడకూడదు. లెక్క చూడండి. ప్రతి 100 మిల్లీలీటర్లకు పట్టుబడే బ్యాక్టీరియా సగటున ఒకటి ఉన్న నీటిని 20 మిల్లీలీటర్ల సీసాలో పోస్తే, ఒక్కటైనా సీసాలో పడే అవకాశం వందకు 18 మాత్రమే. అదే నీటిని ఐదు సీసాల్లో పోస్తే ఏదో ఒకటి నల్లబడే అవకాశం వందకు 63. నీటిలో 100 మిల్లీలీటర్లకు పది ఉంటే ఒక్క చిన్న సీసా కూడా వందకు 86 సార్లు పట్టుకుంటుంది. సెప్టిక్ ట్యాంకు ఊట కలిసిన బావిలో బ్యాక్టీరియా వందల్లో, వేలల్లో ఉంటుంది కాబట్టి అలాంటి బావిని ఒక్క సీసా వదలదు. స్వల్ప కలుషితాన్ని పట్టాలంటే మాత్రం ఒక్క సీసా చాలదు.

నీళ్లు పట్టడంలోనే సగం తప్పులు

గిలక బావి అయితే రోజూ వాడే చేదతో తోడిన నీళ్లు సీసాలో పోయకండి. ఆ తాడు గట్టు మీద పడి ఉంటుంది, పది చేతులు పట్టుకుంటాయి, కోళ్లు తొక్కుతాయి. సీసా నల్లబడితే తప్పు బావిదో తాడుదో తేలదు. ఒక స్టీలు చెంబు, కొత్త నైలాన్ తాడు తీసుకుని, పట్టేంత వరకు మడిచి ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి, ఆవిరి నిండుగా వచ్చాక 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. కుక్కర్ లేకపోతే మరిగే నీళ్లలో పావుగంట ముంచి ఉంచినా మేలే. రాగి చెంబు వద్దు, రాగికి బ్యాక్టీరియాను అణిచే గుణం ఉంది. చెంబును బావి వరలకు తగలకుండా దించి, నీటి పైతెట్టు కిందికి మూరెడు ముంచి తీయాలి. పైన తేలే దుమ్ము, పురుగులు, ఆకులు సీసాలోకి రాకూడదు.

బోరు అయితే ట్యాంకు కుళాయి దగ్గర కాకుండా మోటారు నుంచి నేరుగా వచ్చే పైపు దగ్గర పట్టాలి. మోటారు వేసి ఐదు నిమిషాలు నీళ్లు వదిలేయాలి. కుళాయి మూతికి కట్టిన గుడ్డ విప్పేయండి. మన ఇళ్లలో ఆ వడపోత గుడ్డ నెలల తరబడి మారదు, పరీక్షను చెడగొట్టడంలో దాన్ని మించింది లేదు. ఇత్తడి లేదా స్టీలు కుళాయి అయితే మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, స్పిరిట్ ఆరిపోయాక లైటరు మంట చూపించండి. ప్లాస్టిక్ కుళాయి అయితే బ్లీచింగ్ నీళ్లతో తుడిచి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ బాగా నీళ్లు వదలాలి.

చేతులు సబ్బుతో కడుక్కుని, పరీక్షకు అంతా సిద్ధమయ్యాకే సీసా మూత తీయండి. మూతను నేల మీద పెట్టకుండా వేళ్ల మధ్య పట్టుకోవాలి, లోపలి వైపు తాకకూడదు. సీసాను కడగకూడదు. కొత్త సీసా కనబడితే ఒకసారి నీళ్లతో కడిగి పోయడం మన అలవాటు, కానీ ఇక్కడ అలా చేస్తే మందంతా పోతుంది. గీత దాకా పోసి, మూత బిగించి, పొడి కరిగేదాకా మెల్లగా ఊపండి. తేదీ, గంట, ఎక్కడి నీళ్లో సీసా మీద రాసేయండి. రేపటికి ఏది ఏదో గుర్తుండదు.

ఒకే ఒక్క సీసా కొని ఒకే ఒక్కసారి చేసే పరీక్ష వల్ల ఉపయోగం తక్కువ. ఒక ఇంటికి ఆరు సీసాలు తెచ్చుకోమంటాం. రెండింటిలో బావి నీళ్లు, ఒకదానిలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు, ఒకదానిలో వంటింటి బిందెలో తాగే నీళ్లు. ఐదోదానిలో పది నిమిషాలు మరిగించి, మూత పెట్టి చల్లార్చిన నీళ్లు. ఆరోదానిలో కావాలని మురికి కాలువ నీళ్లు. ఐదోది నల్లబడితే మీరు చేసిన తీరులోనో సీసాలోనో లోపం ఉండొచ్చు, మిగతా ఫలితాలు పక్కన పడేయాలి. ఆరోది నల్లబడకపోతే మందు చచ్చిందనో, వేడి చాలలేదనో అర్థం. ఈ రెండు సాక్షి సీసాలు లేకుండా చేసిన పరీక్షను మేం నమ్మం. చాలా ఇళ్లలో కనిపించే ఫలితం ఇంకొకటి ఉంది: బావి సీసాలు తేటగా ఉండి, బిందె సీసా మాత్రం నల్లబడుతుంది. అక్కడ బావిలో బ్లీచింగ్ వేసి లాభం లేదు. గ్లాసుతో పాటు వేళ్లు మునుగుతున్నాయి. కుళాయి ఉన్న బిందెకో, పొడుగు కాడ గరిటెకో మారాలి.

వెచ్చగా ఉంచడం

30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంచాలి. చైత్ర వైశాఖాల్లో మన గదుల్లో ఉండే వేడే సరిపోతుంది. రోహిణి కార్తెలో రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల రేకుల కింద పెడితే 40 దాటి బ్యాక్టీరియా పెరగడం మందగిస్తుంది, అప్పుడు మంచినీళ్ల కుండ ఉండే చల్లటి మూల మేలు. అసలు చిక్కు ధనుర్మాసంలో వస్తుంది. అరకు, లంబసింగి, ఆదిలాబాద్ వైపు రాత్రి చలికి సీసా చల్లబడిపోతుంది, రెండు రోజులైనా నల్లబడదు, ఇంటాయన "మన నీళ్లు మంచివే" అనుకుంటాడు. నీటిలో ఉన్న బ్యాక్టీరియా చలికి ముడుచుకుని కూర్చుందంతే.

చలికాలంలో థర్మోకోల్ పెట్టె ఒకటి తీసుకుని, గోరువెచ్చటి నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు, మధ్యలో పరీక్ష సీసాలు పెట్టి మూత వేయండి. ఐదారు గంటలకోసారి నీళ్లు మార్చాలి. కోడిపిల్లలకు వేడి పెట్టినట్టు పాత రకం ఫిలమెంట్ బల్బుతోనూ చేయొచ్చు గానీ ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, దాని వేడి చాలదు. వేడి కొలవడానికి జ్వరం థర్మామీటరు వాడకండి, అది 35 దగ్గర మొదలవుతుంది, కింద ఎంత ఉందో చెప్పదు. గదిలో గోడకు తగిలించే థర్మామీటరు పెట్టెలో పెట్టండి. ఎండ తగలనివ్వకండి.

నలుపును చదవడం

పన్నెండు గంటలకొకసారి చూడండి. 18 నుంచి 24 గంటల్లోపు కారు నలుపు వస్తే కలుషితం ఎక్కువ. 24 నుంచి 48 గంటల మధ్య నల్లబడితే తక్కువ మోతాదు అనుకోవచ్చు, కానీ అదీ తాగరాని నీరే. సీసా అంతా కాకుండా కాగితం మాత్రమే నల్లబడినా, అడుగున నల్లటి ముద్ద కట్టినా నల్లబడినట్టే లెక్క. 48 గంటల తర్వాత వచ్చే బూడిద రంగును పట్టుకుని తీర్పు చెప్పొద్దు, ఇంకో సీసాతో మళ్లీ చేయండి. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లలో తుప్పు రంగు మడ్డి దిగుతుంది, అది నలుపు కాదు.

నీళ్లు పోసిన కొద్ది నిమిషాల్లోనే నల్లబడితే అది బ్యాక్టీరియా పని కాదు. బ్యాక్టీరియా పెరగడానికి గంటలు కావాలి. నీటిలో అప్పటికే హైడ్రోజన్ సల్ఫైడ్ కరిగి ఉందన్నమాట. అలాంటి నీళ్లు తోడగానే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. బురద నేలల్లో, గాలి ఆడని లోతు బోర్లలో ఇది ఉంటుంది. ఆ నీటికి ఈ సీసా పనికిరాదు, ప్రయోగశాలకే పంపాలి. అదే నేలల్లో మలంతో సంబంధం లేని గంధకపు బ్యాక్టీరియా కూడా ఉండి నెమ్మదిగా నల్లబరచవచ్చు. బావిలో కప్పలు, తొండలు పడి ఉన్నా నల్లబడుతుంది. కప్పల వల్లే కదా అని కొట్టిపారేయకండి, వాటి పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉంటుంది.

ఇక తేటగా మిగిలిన సీసా సంగతి. అది "ఈ పూట, ఈ 20 మిల్లీలీటర్లలో, నేను పట్టగలిగినవి లేవు" అంటుంది, అంతకు మించి చెప్పదు. కామెర్లు తెచ్చే వైరస్‌లను ఇది చూపదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పదనం దీని పరిధిలో లేవు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో బోరు తాగేవాళ్లు సీసా తేటగా ఉందని ఫ్లోరైడ్ పరీక్ష మానేస్తే పెద్ద తప్పవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 2002లో ఈ పద్ధతిని పరిశీలించిన నిపుణులు కూడా మలంతో సంబంధం లేని బ్యాక్టీరియా వల్ల వచ్చే తప్పుడు నలుపు గురించి గట్టిగానే హెచ్చరించారు. ప్రయోగశాల అందుబాటులో లేని చోట, పదే పదే చేసుకునే కాపలా పరీక్షగానే దీన్ని వాడాలి.

దీనికి బదులుగా అమ్మేవి

టీడీఎస్ మీటరుకు బ్యాక్టీరియా కనబడదు. అది కరిగిన లవణాలను మాత్రమే కొలుస్తుంది. టీడీఎస్ 150 ఉన్న కోనసీమ నుయ్యిలో పక్కింటి మరుగుదొడ్డి నీరు కలిసి ఉండొచ్చు, టీడీఎస్ 900 ఉన్న రాయలసీమ బోరులో బ్యాక్టీరియా ఒక్కటీ లేకపోవచ్చు. వాటర్ ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాళ్లు రెండు కడ్డీలు నీళ్లలో పెట్టి కరెంటు ఇచ్చి, నీళ్లు గోధుమ రంగుకు మారగానే "చూడండి మీరు తాగే మురికి" అంటారు. ఆ మురికి కరిగిపోతున్న ఇనుప కడ్డీ నుంచి వచ్చింది. ఆర్వో నీటిలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగు మారదు. ఇందులో బ్యాక్టీరియా ప్రసక్తే లేదు. ఇది మోసం, నమ్మి డబ్బు పోగొట్టుకోకండి.

నిజంగా మెరుగైనవి కూడా ఉన్నాయి. కోలిలెర్ట్ అనే పొడిని 100 మిల్లీలీటర్ల నీటిలో కలిపి 35 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే, పసుపు రంగు వస్తే కొలిఫారమ్‌లు, ఆ పసుపు సీసా అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిస్తే ఇ.కొలి. ఇది నేరుగా ఇ.కొలినే చూపుతుంది, మా దృష్టిలో హెచ్‌టూఎస్ కన్నా నమ్మకమైనది. కానీ ఖరీదు ఎక్కువ, వేడి కచ్చితంగా నిలవాలి, ఆ దీపం కావాలి. పెట్రీఫిల్మ్ అనే పలకల మీద బ్యాక్టీరియా పెరిగి కట్టిన మచ్చలు లెక్కపెట్టొచ్చు, అయితే దానికి పట్టేది ఒక్క మిల్లీలీటరే. బాగా చెడిన బావిలో ఎంత చెడిందో తెలియడానికి పనికొస్తుంది గానీ, బావి మంచిదని చెప్పడానికి చాలదు.

ప్రయోగశాలలో ఎంపీఎన్ (బ్యాక్టీరియా ఎన్ని ఉండొచ్చో అంచనా కట్టే) పద్ధతిలోనో, పొర వడపోత పద్ధతిలోనో బ్యాక్టీరియా సంఖ్యతో సహా చెబుతారు. రెండు మూడు రోజులు పడుతుంది. జిల్లా, డివిజన్ కేంద్రాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలు ఉన్నాయి, సొంత బావి నీళ్లు కూడా ఇవ్వొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఉంది. సీసా వాళ్లే ఇస్తారు, అదే వాడాలి. ఖాళీ మినరల్ వాటర్ సీసాలో పట్టుకెళ్తే ఆ ఫలితానికి అర్థం లేదు. నీళ్లు నిండుగా కాకుండా కొంచెం ఖాళీ వదిలి, మంచు పెట్టెలో పెట్టి, ఆరు గంటల్లో చేర్చగలిగితే మంచిది, 24 గంటలు దాటకూడదు. నీటిలో క్లోరిన్ ఉంటే ముందే చెప్పండి, క్లోరిన్‌ను విరిచే థయోసల్ఫేట్ చుక్కలు వేసిన సీసా ఇస్తారు. ఇంట్లో పసిపిల్లలకు డబ్బా పాలు కలుపుతున్నా, కీమోథెరపీ తీసుకునేవాళ్లున్నా, ఈ సీసా దగ్గర ఆగకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్లమనే మా సలహా.

నల్లబడితే

ఆ రోజు నుంచే తాగే నీళ్లు తెర్లనివ్వండి. సలసలా మరగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. పటిక, ఇండుపగింజ నీళ్లను తేటపరుస్తాయి, కానీ తేట నీరంతా మంచినీరు కాదు.

తర్వాత బావి చుట్టూ తిరిగి చూడాలి. మరుగుదొడ్డి గుంటకూ బావికీ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి, గుంట బావి కన్నా ఎత్తున ఉండకూడదు. కోనసీమలో నాలుగు సెంట్ల స్థలంలో రెండూ ఉంటాయి, నేల ఇసుక, నీరు పైకే ఉంటుంది, గోదావరి వరదొస్తే రెండూ ఒకటవుతాయి. అక్కడ సీసా నల్లబడడంలో ఆశ్చర్యం లేదు. బావి చుట్టూ ఉన్న గచ్చు పళ్లెం పగిలి, తోడిన నీరు తిరిగి బావిలోకే ఇంకుతోందా, వరల అతుకుల్లో సందులున్నాయా, బోరు కేసింగ్ పైపు నేల మట్టానికే కోసేసి వాన నీరు దిగుతోందా చూడండి. కారణం సరిచేయకుండా బ్లీచింగ్ ఎంత చల్లినా పదిహేను రోజులకు మళ్లీ మొదటికే వస్తుంది.

మోతాదు లెక్క ఇది. బావి వ్యాసాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి, కొలతలన్నీ మీటర్లలో. వ్యాసం 1.5, నీటి లోతు 3 అయితే సుమారు 5,300 లీటర్లు. మామూలు శుద్ధికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చొప్పున 13 గ్రాములు. సీసా నల్లబడ్డాక ఒకసారి చేసే గట్టి శుద్ధికి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అనుకుంటే, 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడర్ సుమారు 800 గ్రాములు కావాలి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరు నీటికి 21 లీటర్లు ఉంటాయి. 50 మీటర్ల నీరు నిలిచి ఉంటే దాదాపు 1,070 లీటర్లు, పౌడర్ 160 గ్రాములు. మూత తీసి ఏడాదిగా గోదాములో పడున్న పౌడర్‌లో క్లోరిన్ చాలా భాగం ఎగిరిపోయి ఉంటుంది, ఘాటు వాసన రాకపోతే వాడకండి.

పౌడర్‌ను అలాగే బావిలో చల్లడం పెద్ద తప్పు. బకెట్‌కు 100 గ్రాములకు మించకుండా తీసుకుని, ముద్దగా కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి కలియబెట్టి పది నిమిషాలు వదిలేస్తే సున్నం అడుగుకు దిగుతుంది. పై తేటను మాత్రమే ఇంకో బకెట్‌లోకి వంచి, తాడుతో బావిలోకి దించి పైకీ కిందికీ ఆడించాలి. సున్నం బావిలో పడితే నీటి కఠినత్వం మరింత పెరుగుతుంది. మామూలు శుద్ధికి గంట ఆగితే చాలు, గట్టి శుద్ధికి రాత్రంతా ఉంచి, మర్నాడు వాసన పోయేదాకా తోడి పారబోయాలి. చేపల చెరువులోకీ, నారుమడిలోకీ వదలొద్దు. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలవనివ్వకూడదు, విషవాయువు పుడుతుంది. మందు వేసిన బావిలోకి ఎవరూ దిగకూడదు.

ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. మందు వేసిన మర్నాడే సీసా పెట్టి, తేటగా ఉందని సంతోషిస్తారు. క్లోరిన్ ఉన్న నీళ్లలో సీసా తేటగానే ఉంటుంది. దాన్నిబట్టి మందు పనిచేసిందని తెలుస్తుంది గానీ, మురుగు రావడం ఆగిందని కాదు. నీటిలో క్లోరిన్ ఉంటే చూపే డీపీడీ మాత్రతో చూసి, క్లోరిన్ సున్నా అయ్యాక, మరో వారం గడిచాక రెండు సీసాలు పెట్టండి. నెల తర్వాత మళ్లీ రెండు. అప్పటికీ తేటగా ఉంటే మామూలు వరుసలోకి రావచ్చు: వానాకాలానికి ముందొకసారి, తర్వాత ఒకసారి. వీటికి తోడు వరద వచ్చి పోయినప్పుడు, పూడిక తీయించినప్పుడు, మోటారు పైకి లాగి రిపేరు చేయించినప్పుడు, నీటి రంగు గానీ వాసన గానీ మారినప్పుడు.

నల్లబడిన సీసా అల్మరాలో దాచుకునే వస్తువు కాదు. బావిలో పదులుగా ఉన్న బ్యాక్టీరియా అందులో కోట్లయి ఉంటుంది. పిల్లలకు అందనివ్వకండి, మూత తీసి వాసన చూడకండి. చేతులకు తొడుగులు వేసుకుని, సీసా నిండా గాఢమైన బ్లీచింగ్ నీళ్లు పోసి, అరగంట ఉంచి మరుగుదొడ్డిలో ఒలకబోయండి. ఖాళీ సీసాను మళ్లీ దేనికీ వాడకుండా పగలగొట్టకుండా చెత్తబండికి ఇవ్వండి. పారబోసే ముందు తేదీ కనబడేలా ఒక ఫొటో తీసి పెట్టుకుంటే మాత్రం మంచిది. ప్రయోగశాలకు వెళ్లినా, పంచాయతీలో పక్కింటి సెప్టిక్ ట్యాంకు గురించి అర్జీ పెట్టినా, అది చూపించి మాట్లాడొచ్చు.